దివికి దాటిన ఓరుగల్లు సేన

కృష్ణానది సముద్రంలో కలిసే చోట ఉన్న దివి దీవిని 1201 ప్రాంతంలో కాకతీయ సైన్యం పట్టుకుంది. ఆ సైన్యాన్ని పంపినవాడు గణపతిదేవుడు, నడిపినవాడు మల్యాల చౌండ సేనాని. కొండల నడుమ చెరువులు తవ్వించుకుని బతికిన రాజ్యం ఉప్పునీటి మధ్య ఉన్న కోటను గెలవడం ఆ వంశ చరిత్రలో పెద్ద మలుపు. ఈ సంగతిని చెప్పే ముఖ్యమైన ఆధారం తీరంలో లేదు. వరంగల్లు దగ్గరి కొండపర్తిలో 1203లో వేయించిన శాసనంలో ఉంది. దివి కోటను కొల్లగొట్టి, రత్నాల రాశులు తెచ్చి చౌండ తన రాజుకు సమర్పించాడనీ, అందుకు ‘ద్వీపీలుంటాక’, ‘దివిచూరకార’ అనే బిరుదులు పొందాడనీ దానివల్ల తెలుస్తుంది. రెండింటికీ అర్థం ఒకటే: దివిని దోచినవాడు.

ఈ దండయాత్ర ఎందుకు జరిగిందో తెలియాలంటే అంతకు ముందటి ఐదారేళ్లు చూడాలి. 1195 ప్రాంతంలో కాకతీయ రాజు రుద్రదేవుడు దేవగిరి యాదవులతో పోరాడుతూ మరణించాడు. మూడేళ్లకు అతని తమ్ముడు మహాదేవుడూ అదే పగలో పోయాడు. యువకుడైన గణపతిదేవుడు యాదవుల చెరలో చిక్కాడు. ఆ అరాచకంలో రాజ్యం చెదరకుండా కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించినది ఇతడే. 1199లో గణపతిదేవుడు విడుదలై గద్దెనెక్కాడు. పడమటి దిక్కు యాదవులది. తూర్పున మాత్రం వెలనాటి చోడుల బలం కరిగిపోతూ ఉంది. వారి చివరి ప్రభువు పృథ్వీశ్వరుడికి పిఠాపురం నుంచి కృష్ణ దాకా పేరుందే గాని పట్టు లేదు. ఓరుగల్లుకు తెరిచి ఉన్న దారి తీరం వైపే.

ఆ దారిని ప్రకృతి ముందే గీసి పెట్టింది. నేటి మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ ప్రాంతాలను ఆనుకున్న పాఖాల అడవుల్లో మున్నేరు పుడుతుంది. ఖమ్మం మీదుగా పారి బెజవాడకు ఎగువన కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ దివిని చుట్టి సముద్రంలో పడుతుంది. అంటే కాకతీయుల ఏలుబడిలో పాఖాల చెరువు కట్టిన అడవి నీళ్లూ, దివి కోట అగడ్తగా నిలిచిన నీళ్లూ ఒకే ఏటి వరసలోవి. ఈనాడు వరంగల్లు నుంచి మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం మీదుగా బెజవాడకు వెళ్లే రైలు మార్గం కూడా చాలావరకు ఈ వాలునే పట్టుకుని దిగుతుంది. ఓరుగల్లు నుంచి బెజవాడకు గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లు, అక్కడి నుంచి దివికి మరో 60. సైన్యం నడిచిన దూరం ఇంతకన్నా ఎక్కువే. ఏనుగులూ బరువు బండ్లూ వెంట ఉన్న సేనకు ఇది వారాల ప్రయాణం.

కాబట్టి మొదటి పని దివి కాదు, బెజవాడ. నీళ్లు దాటి యుద్ధం చేయదలచిన ఏ సేనకైనా ముందుగా ఒడ్డున ఒక గట్టి తావు కావాలి. ధాన్యం పోగుచేయడానికి, పడవలు సమకూర్చుకోవడానికి, ఓడిపోతే వెనక్కి వచ్చి నిలవడానికి అదే ఆధారం. గణపతిదేవుడి పేరు మీద 1201 నాటి శాసనం బెజవాడలో ఉంది. కృష్ణ ఒడ్డు అప్పటికే ఓరుగల్లు చేతికి వచ్చిందని చరిత్రకారులు దాన్నిబట్టి నిర్ణయిస్తారు. దివి దాడి ఆ వెంటనే జరిగింది. ఈ వరస యాదృచ్ఛికం కాదు. పృథ్వీశ్వరుణ్ణి నేరుగా ఎదుర్కొనే ముందు అతని సామంతుల్లో సముద్రం వైపు ఉన్నవారిని విడదీయడం గణపతిదేవుడి ఎత్తు. పృథ్వీశ్వరుడి కథ 1206 ప్రాంతంలో గాని ముగియలేదు. దివి చేజారడంతోనే అతని వెన్ను విరిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

దివి స్వరూపం చూస్తే దాడిలో ఉన్న కష్టం అర్థమవుతుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఆ పాయల నడుమ, దక్షిణాన బంగాళాఖాతం హద్దుగా పరుచుకున్నది దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందులోవి. హంసలదీవి దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. ఒండ్రు మేటలు వేసుకుంటూ నది తన అంచును మార్చుకుంటూ పోతుంది గనుక 800 ఏళ్ల కిందటి తీరరేఖ నేటిది కాదు. కాని నేల గుణం మారలేదు. మెట్టకు దగ్గరలో పంటభూమి, సముద్రం వైపు పర్ర నేలలు, మొగల దగ్గర మడ అడవులు. ఆటుపోట్ల వేళ ఏటి నీరు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పోటు మీద తేలిన పడవ పాటు వేళకు బురదలో కూరుకుపోతుంది. తెలియనివాడికి గట్టిగా కనబడిన ఇసుక కింద మోకాటి లోతు అడుసు ఉంటుంది. గుర్రం అక్కడ పరుగెత్తలేదు, ఏనుగు అడుగు వేయడానికి జంకుతుంది. కాకతీయ సేనకు బలం ఏవో, దివిలో అవే బరువు.

ఇక రుతువు. కృష్ణకు వరద ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా. ఆ నెలల్లో పాయ దాటించడం బలగాన్ని ఏటికి అప్పజెప్పడమే. తర్వాత తుఫాన్ల కాలం వస్తుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని ఒక్క రోజులో పొట్టన పెట్టుకుంది. ఆ ఊళ్లలో ఈనాటికీ కాలాన్ని ఉప్పెనకు ముందు, తర్వాత అని లెక్కపెట్టే పెద్దలున్నారు. అటువంటి తీరం మీద కార్తీకంలో సేనను నిలిపే సేనాని ఉండడు. మిగిలేది సంక్రాంతి నుంచి వైశాఖం దాకా ఉన్న కాలం. అప్పుడు ఏరు సన్నబడుతుంది, సముద్రం నిదానిస్తుంది, కళ్లాల్లో ధాన్యం ఉంటుంది. దసరాకు దండు కదలడమన్న పాత ఆచారానికి కూడా ఇది సరిపోతుంది: వానలు వెనకబడగానే మెట్ట మీద నడక, ఏరు తగ్గే వేళకు ఒడ్డుకు చేరిక.

దాటించే సాధనాలు కృష్ణ మీదే దొరుకుతాయి. దోనెలు, తెప్పలు, తోలు కప్పిన పుట్లు, రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన బల్లకట్లు నిన్నమొన్నటి దాకా ఈ నది మీద బండ్లనూ పశువులనూ దాటించాయి. వాటిని నడిపేవారు మాత్రం ఓరుగల్లు నుంచి రారు. ఏ రేవులో లోతు ఎంత, ఏ మేట ఎప్పుడు తేలుతుంది, గాలి ఏ జాములో తిరుగుతుంది అన్నది ఏటి ఒడ్డున పుట్టినవాడికే తెలుస్తుంది. నీటి మీది దండయాత్రల్లో సేనాని పేరు శాసనాలకెక్కుతుంది, సరంగు పేరు ఎక్కదు. చరిత్ర రాసేవారు ఈ లోటును గుర్తుంచుకోవాలి.

ఇటువంటి యాత్రకు ఎంత సన్నాహం కావాలో తెలిపే రాతలు అదే శతాబ్దాల్లో వేరే చోట్ల ఉన్నాయి. సింహళరాజు పరాక్రమబాహు 1160లలో బర్మా మీదకు ఓడలు పంపిన వృత్తాంతం చూళవంశంలో వివరంగా ఉంది. వందల ఓడలు ఐదు నెలల్లో సిద్ధమయ్యాయనీ, ఏడాదికి సరిపడా తిండి, ఏనుగులను ఆపే ఇనుపముల్కుల ఆయుధాలు, విషపు బాణాలకు విరుగుడు మందులు, వైద్యులు, పరిచారికలు వాటిలో ఎక్కారనీ అది చెబుతుంది. పొగడ్త కోసం అంకె పెంచి ఉండవచ్చు గాని, జాబితా మాత్రం అనుభవం ఉన్నవాడు చెప్పినట్టే ఉంది. అదే రాజు సేన సేతువు దగ్గరి సన్నని కడలి దాటి పాండ్యనాట దిగింది. ఇంకా వెనక్కు పోతే 1066లో నార్మండీ ప్రభువు విలియం గుర్రాలను ఓడల్లో ఎక్కించి ఇంగ్లిష్ చానల్ దాటాడు. సేన సిద్ధమైనా అనుకూలమైన గాలి కోసం వారాల తరబడి ఒడ్డునే కాచుకుని, సెప్టెంబరు 28న పెవెన్సీ దగ్గర దిగాడు. 1944 జూన్‌లో అదే కడలిని ఎదురు దిశలో దాటిన మిత్రసేనలు సైతం వెన్నెలనూ ఆటుపోట్లనూ లెక్కవేసి తేదీ పెట్టుకున్నాయి. గాలివాన వల్ల ఒక రోజు వాయిదా వేసుకుని 6న దిగాయి.

బురద సంగతికి తెలుగు తీరంతో సంబంధమున్న నిదర్శనం ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర మలయాను జపాన్ నుంచి గెలుచుకోవడానికి ‘జిప్పర్’ అనే పేరుతో బ్రిటిష్ వారు పెద్ద పథకం వేశారు. అందులోని ఓడలు కొన్ని విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి బయల్దేరాయి. అప్పటికే జపాన్ లొంగిపోయింది. అయినా సేన 1945 సెప్టెంబరు 9న మోరిబ్ తీరాన దిగింది. పైకి గట్టిగా కనబడిన ఇసుక కింద బురద ఉండటంతో బండ్లు ఎన్నో కూరుకుపోయాయి. ఎదుట శత్రువు తుపాకి ఎత్తి ఉంటే ఆ రోజు ఘోరం జరిగేది. విమానాల నుంచి తీసిన ఫొటోలు ఉన్న కాలంలోనే తీరపు నేల ఇంత మోసం చేస్తే, 1201లో దివి ఒడ్డున దిగిన మెట్ట సైనికుడి పాట్లు ఊహించుకోవచ్చు.

దివిని ఏలుతున్నవారు అయ్య వంశీకులు. వెలనాటి ప్రభువుల కొలువులో పైకి వచ్చి ఆ దీవిని పొందినవారు. చౌండ దాడి నాటికి ప్రభువు పిన చోడి. కోట పడింది, ధనం ఓరుగల్లు చేరింది. మామూలుగా అయితే గెలిచిన రాజు తన మనిషిని ఆ కోటలో కూర్చోబెట్టి ఓడినవాణ్ణి అడవికి తరుముతాడు. గణపతిదేవుడు అలా చేయలేదు. దివిని పిన చోడికే తిరిగి ఇచ్చాడు. అతని కూతుళ్లు నారమాంబ, పేరమాంబలను పెళ్లాడాడు. కొడుకు జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు.

ఈ దండయాత్రలో అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే. కొల్లసొమ్ము ఒక్కసారి వస్తుంది. రేవు సుంకం ఏటేటా వస్తుంది. దీవిని పట్టుకోవడం సేనాని పని, పట్టి ఉంచడం మాత్రం పడవలూ రేవులూ తెలిసినవారి పని. అలాంటివారు ఓరుగల్లులో లేరు, దివిలో ఉన్నారు. వారిని శత్రువులుగా మిగిల్చితే ప్రతి వరద తర్వాతా మళ్లీ ఏరు దాటాల్సి వచ్చేది. పెళ్లితో ఆ బెడద తీరింది. చౌండ బిరుదులు దోపిడిని మాత్రమే చెప్పాయి గనుక కొండపర్తి శాసనం ఒక్కటే చదివినవారికి కథలో సగమే తెలుస్తుంది. మిగతా సగం 1213లో జాయప వేయించిన చేబ్రోలు శాసనంలో ఉంది. గణపతిదేవుడు తనకిచ్చిన ఆ ఊళ్లో జాయప తండ్రి పేరు మీద చోడేశ్వరాలయం కట్టించాడు. ఓడినవారి కొడుకు పుష్కరం గడిచేసరికి తన వంశాన్ని కీర్తిస్తూ శాసనం వేయించాడు, గెలిచిన రాజు దానికి అడ్డు చెప్పలేదు.

జాయపకు దక్కిన పదవి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి. నీటి నడుమ పుట్టినవాడు మెట్ట రాజ్యపు ఏనుగులను నడిపాడు. అతడే 1253–54లో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథం మార్గ, దేశి నృత్యాలు రెండింటినీ వివరిస్తుంది. రామప్ప గుడి మీది నర్తకీ శిల్పాలను అర్థం చేసుకోవడానికి నాట్యవిద్వాంసులు నేటికీ దాన్ని తెరుస్తారు.

తీరం మీద కాకతీయుల పట్టు ఆ తర్వాత దక్షిణానికి పాకింది. 1244–45లో మోటుపల్లి రేవులో గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును బలవంతాన లాక్కునేవారనీ, ఇక మీదట న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమనీ అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతులపై సుంకం ముప్పైలో ఒక వంతు. గద్దెనెక్కిన కొత్తలో దీవి మీదకు సేనను పంపి రత్నాలు రప్పించుకున్న రాజు, 40 ఏళ్లు దాటాక అదే తీరాన ఓడ పగిలినవాడి సొమ్ము వాడికే దక్కాలని రాతి మీద చెక్కించాడు.