రాసిన వార్తను వినిపించడం ఎలా? పాడ్‌కాస్ట్‌కు స్క్రిప్టు, గొంతు సిద్ధం చేసుకునే పద్ధతి

తెలుగు చక్కగా మాట్లాడతారు, కానీ చదవలేరు. ఇలాంటి పెద్దలు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లది, గల్ఫ్‌లో పెరిగిన పిల్లల్లో చాలామందిదీ ఇదే పరిస్థితి. స్కాలర్‌షిప్ గడువు గురించి ఎంత బాగా రాసినా వీళ్లకు అందదు. అదే ఐదు నిమిషాల ఆడియోగా వాట్సాప్‌లో వస్తే వంట చేసుకుంటూ కూడా వింటారు. అయితే వ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే సరిపోదు. దాన్ని చెవి కోసం మళ్లీ రాసుకోవాలి.

పాడ్‌కాస్ట్ అంటే

ఎప్పుడు కావాలంటే అప్పుడు వినేలా, భాగాలు భాగాలుగా ఇంటర్నెట్‌లో పెట్టే ఆడియో కార్యక్రమం. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు కలిసి ఈ పేరు వచ్చింది. 2004లో బ్రిటన్ పత్రిక గార్డియన్‌లో బెన్ హామర్‌స్లీ రాసిన వ్యాసంలో ఈ మాట కనిపించింది.

చదివే వాక్యం వేరు, వినే వాక్యం వేరు

చదివేవాళ్లు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి చూస్తారు. వినేవాళ్లకు ఆ వీలు తక్కువ. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, వాక్యం పొడవైతే అసలు విషయం తేలేలోపే మొదలు మర్చిపోతారు. ఉదాహరణకు:

పత్రికలో: "18 సంవత్సరాలు నిండిన అర్హులైన యువతీ యువకులు ఫారం-6 ద్వారా ఓటరు జాబితాలో తమ పేర్లను నమోదు చేసుకోవలసిందిగా అధికారులు విజ్ఞప్తి చేశారు."

ఆడియోలో: "మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలున్నారా? వాళ్ల పేరు ఓటరు జాబితాలో ఎక్కించారా? లేకపోతే ఫారం ఆరు నింపాలి. మళ్లీ చెబుతున్నా, ఫారం ఆరు."

ఇంకో జాగ్రత్త. రాతలో "అని ఫలానా ఆయన అన్నారు" అని చివర పెడతాం. వినేవాళ్లకు అప్పటిదాకా ఆ మాట ఎవరిదో తెలియదు. అందుకే పేరు ముందు చెప్పాలి: "కలెక్టర్ ఏమన్నారంటే..."

అంకెలు, పేర్లు

రూ.2,50,000 అని ఉంటే స్క్రిప్టులోనే "రెండున్నర లక్షలు" అని రాసుకోండి. గడువు తేదీని రెండుసార్లు చెప్పండి. పట్టిక మొత్తం చదవొద్దు, అవసరమైన రెండు అంకెలు చాలు.

తెలుగు లిపిలో ఉర్దూ "జే" శబ్దానికి విడి అక్షరం లేదు. అజీజ్, నవాజ్, గజల్ అన్నీ "జ"తోనే రాస్తాం. అలాంటి మాటల కింద స్క్రిప్టులో గీత గీసుకోండి. పేరు తప్పు పలికితే మనిషిని చిన్నబుచ్చినట్టే. అలాగే ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ల-ళ, న-ణ తేడాలు ముందే గట్టిగా పలికి చూసుకోవాలి.

గొంతు

గోరువెచ్చని నీళ్లు తాగి, నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో స్క్రిప్టులో చిన్న గీత పెట్టుకోండి. ఒక్క వాక్యంలో ఒక్క ముఖ్యమైన మాటనే ఒత్తి పలకండి. అన్నీ ఒత్తితే ప్రసంగంలా ఉంటుంది. ఎదురుగా ఒక్క మనిషి కూర్చున్నట్టు అనుకుంటే వేగం దానంతటదే తగ్గుతుంది.

రికార్డింగ్

ఖరీదైన మైకు లేకపోయినా మొదలుపెట్టొచ్చు. పరుపు, బట్టలు ఉన్న గదిలో ప్రతిధ్వని తక్కువ. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. అప్పుడు "ప", "భ" పలికేటప్పుడు గాలి దెబ్బ తగలదు. తప్పు పోతే ఆపకండి, ఒకసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యం మళ్లీ చెప్పండి. ఎడిటింగ్‌లో ఆ చోటు గీత పైకి లేచి కనిపిస్తుంది. మొదట్లో పది సెకన్లు మౌనంగా రికార్డు చేస్తే, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీతో గది హోరు తగ్గించుకోవచ్చు.

64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా సేవ్ చేస్తే ఐదు నిమిషాలకు సుమారు 2.4 ఎంబీ. డేటా తక్కువ ఉన్నవాళ్లకూ భారం కాదు.

ఒక్క వ్యాసం, మూడు ఉపయోగాలు

మొదటిది పూర్తి ఎపిసోడ్. రెండోది గడువు, కావాల్సిన కాగితాలు మాత్రమే చెప్పే 40 సెకన్ల వాయిస్ మెసేజ్. మూడోది, ఒకే విషయం మీద పాత వ్యాసాలు మూడు కలిపి ఒక ఎపిసోడ్. పాతవాటిలో తేదీలు, మొత్తాలు మారి ఉంటాయి, సరిచూశాకే చదవండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఆడియో నెలల తరబడి తిరుగుతుంది. అందుకే రికార్డు చేసిన తేదీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. లేకపోతే ముగిసిన గడువు కోసం ఎవరో ఒకరు ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

వేరేవాళ్ల వ్యాసం మొత్తం చదివి పెట్టాలంటే కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుదారు అనుమతి కావాలి. పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు. వెనకాల వేసే సినిమా పాటకూ అంతే.

అందరికీ పంపే ముందు ఇంట్లో దాదీకో నానీకో ఒకసారి వినిపించండి. "ఆఖరి తేదీ ఎప్పుడు? ఏ కాగితాలు కావాలి?" అని అడగండి. తడుముకోకుండా చెప్పారంటే ఆడియో పంపొచ్చు. చెప్పలేకపోతే స్క్రిప్టు మళ్లీ రాయాలి.