చేతులు మోడ్చిన చక్రవర్తి

పాపఘ్నీ తీరమున నున్న మన వేంపల్లె ప్రాంతమునుండి ఏటేట ఎందరో తిరుమల యాత్ర చేయుచుందురు. కాని మహాద్వారము దాటగానే కనబడు ప్రతిమామండపమువైపు నిదానించి చూచువారు కొద్దిమందియే. అచ్చట శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు మోడ్చి నిలిచియున్నారు. రాయల తలపై పొడవైన కుళ్లాయి, ఆ లోహప్రతిమల భుజములపై వారి వారి పేర్లు కానవచ్చును. 1513 మొదలు ఏడుమారులు కొండకు వచ్చిన రాయలు, తాను లేనినాడును స్వామి సన్నిధిని విడువరాదని తలచెను కాబోలు!

పాలకుల రూపములను లోహమున నిలుపుట రోమకులకును పరిపాటియే. అయితే వారి ఉద్దేశము వేరు. రోము నగరమందలి కంచు విగ్రహమున మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి గుఱ్ఱముపై కూర్చుండి, ప్రజలవైపు కుడిచేయి చాచియుండును. మధ్యయుగమున అట్టి విగ్రహములు పెక్కు కరగింపబడినవి. క్రైస్తవమును ఆదరించిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి బొమ్మయని జనులు పొరబడుటచేత ఇది మిగిలినది. పరుని పేరు దానిని కాపాడినది.

రాయల ప్రతిమకు అట్టి అవసరము కలుగలేదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధానంతరము విజయనగరము పాడుపడినది. ఆ సింహాసనము నేడు లేదు. కొండపైన మాత్రము రాయలు తన పేరుతోనే నిలిచియున్నాడు. ఆ చేతులలో ఆయుధము లేదు. సామ్రాజ్యములనేలిన ప్రభువు అచ్చట మనవంటి యాత్రికుడే. ఈమారు కొండకు పోవు శ్రోతలు ఒక్కక్షణము ఆయనవైపు చూతురుగాక యని కోరుచున్నాము.