వాడిన కార్ల ప్రకటనలలో నంబరు ప్లేటును దాచడం

వాడిన కార్ల ప్రకటనలలో నంబరు ప్లేటును దాచడం అంటే, అమ్మకానికి పెట్టిన కారు ఫొటోలో రిజిస్ట్రేషను నంబరు కనిపించకుండా చేయడం. ఇందుకోసం ప్లేటు మీద గుడ్డ కప్పుతారు, కాగితం అంటిస్తారు, చెయ్యి అడ్డు పెడతారు, లేదా ఫొటో తీసిన తరువాత ఆ భాగాన్ని మసకబరుస్తారు. మోటారు వాహనాల చట్టం ప్రకటనలో నంబరు చూపించమని చెప్పదు, దాచవద్దనీ చెప్పదు. ఇది అమ్మకందారుల మధ్య అలవాటుగా పెరిగిన పద్ధతి. దీని వెనుక కొన్ని న్యాయమైన భయాలు, కొన్ని అపోహలు, అప్పుడప్పుడు మోసం చేసే ఉద్దేశం కూడా ఉంటాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో నంబరును బట్టి వాహనం ఏ ప్రాంతానిదో, సుమారుగా ఏ కాలానిదో, ఏ తరగతికి చెందినదో గుర్తించే వీలుండడం వలన ఇక్కడ ఈ అలవాటుకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

నేపథ్యం

గుంటూరు జిల్లాలోని పెదకాకాని గుంటూరు, విజయవాడల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. 2010లో జరిగిన నంబర్ల మార్పుకు ముందు ఇది 5వ నంబరు జాతీయ రహదారి. ఇక్కడి భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయం వాహన పూజలకు ప్రసిద్ధి. కారు గాని, ట్రాక్టరు గాని, లారీ గాని కొన్నవారు దానిని ఆలయానికి తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తీసుకువెళ్ళడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. పూజ రోజున ఎంతో సంబరంగా అందరికీ చూపించుకున్న నంబరునే, కొన్నేళ్ళ తరువాత అదే వాహనాన్ని అమ్మేటప్పుడు యజమాని గుడ్డతో కప్పివేస్తాడు.

పత్రికలలో వచ్చే చిన్న ప్రకటనలలో సాధారణంగా ఫొటో ఉండదు. మోడల్, సంవత్సరం, ధర, ఫోను నంబరు మాత్రమే ఉంటాయి. కనుక అక్కడ ప్లేటు దాచవలసిన పని రాలేదు. ఇంటర్నెట్ ద్వారా అమ్మకాలు పెరిగి, ఒక్కొక్క కారుకు పది, పదిహేను ఫొటోలు పెట్టడం మొదలైన తరువాతే ఈ అలవాటు వ్యాపించింది.

నంబరు తెలిపే సమాచారం

1988 మోటారు వాహనాల చట్టం, 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989 జులై 1 నుండి అమలులోకి వచ్చాయి. ఆ పద్ధతిలో నంబరుకు నాలుగు భాగాలు ఉంటాయి: రాష్ట్ర సంకేతం, కార్యాలయ సంకేతం, వరుస అక్షరాలు, గరిష్ఠంగా నాలుగు అంకెల సంఖ్య. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో జిల్లాలకు ఇంగ్లీషు అక్షర క్రమంలో సంకేతాలు ఇచ్చారు. ఆదిలాబాదుకు ఏపీ 01, గుంటూరుకు ఏపీ 07, కృష్ణా జిల్లాకు ఏపీ 16, ప్రకాశం జిల్లాకు ఏపీ 27 వచ్చాయి. గుంటూరు జిల్లాకు అదనంగా ఏపీ 08 కూడా కేటాయించారు.

వరుస అక్షరాలు ముందుకు జరిగే కొద్దీ వాహనం కొత్తదని తెలుస్తుంది. టి, యు, వి, డబ్ల్యు, ఎక్స్, వై అక్షరాలతో మొదలయ్యే వరుసలను రవాణా వాహనాలకు, జెడ్ వరుసను ఆర్టీసీ బస్సులకు, పి వరుసను పోలీసు వాహనాలకు వాడుతూ వచ్చారు. అందువలన అనుభవం ఉన్న బ్రోకరు ప్లేటును చూసి ఇది స్థానికమైన బండా, బయటి జిల్లాదా, టాక్సీగా తిరిగిందా అన్నది వెంటనే చెప్పగలడు.

2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత తెలంగాణ ఆ సంవత్సరం జూన్ నుండి టీఎస్ సంకేతాన్ని, 2024 మార్చి నుండి టీజీ సంకేతాన్ని వాడుతున్నది. విభజనకు ముందు హైదరాబాదులో ఏపీ 09 వంటి సంకేతాలతో నమోదైన వాహనాలు పాత నంబర్లతోనే కొనసాగాయి. కాబట్టి ప్లేటు మీద ఏపీ అని ఉన్నంత మాత్రాన దాని రికార్డు ఆంధ్ర ప్రదేశ్‌లో ఉన్నట్లు కాదు. 2019 ఆరంభంలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతటికీ ఒకే సంకేతంగా ఏపీ 39ని ప్రవేశపెట్టింది. ఆ తరువాతి వాహనాలలో నంబరును బట్టి జిల్లాను గుర్తించడం సాధ్యం కాదు.

అమ్మేవారు చెప్పే కారణాలు

నకిలీ ప్లేట్ల భయం: ఒక వాహనం నంబరును అదే రకం, అదే రంగు గల మరొక వాహనానికి తగిలించి తిరిగేవారు ఉన్నారు. అప్పుడు చలానాలూ, కేసులూ అసలు యజమాని ఇంటికి వస్తాయి. రోడ్డు మీద అందరికీ కనిపించే నంబరును ఫొటోలో దాచడం వలన లాభమేమిటన్న ప్రశ్న సహజం. రోడ్డు మీద చూసినవారికి నంబరు ఒక్క క్షణం కనిపిస్తుంది. ప్రకటనలో మాత్రం మోడల్, రంగు, తయారైన సంవత్సరం, ఊరు, యజమాని ఫోను నంబరు అన్నీ ఒకేచోట చేరి, ఎవరైనా తీరికగా వెదికి చూసుకునేలా ఉంటాయి. నకిలీ ప్లేటు తయారు చేసేవారికి కావలసినది సరిగ్గా ఈ కలయికే.

యజమాని వివరాల గోప్యత: కేంద్ర ప్రభుత్వపు వాహన్ రికార్డుల ఆధారంగా 2017లో ఎంపరివాహన్ అనువర్తనం వచ్చింది. నంబరు ఇస్తే వాహనం తరగతి, ఇంధనం, రిజిస్ట్రేషను తేదీ, బీమా గడువు వంటివి అందులో కనిపిస్తాయి. తొలినాళ్ళలో యజమాని పేరు కూడా పూర్తిగా కనిపించేది. తరువాత పేరులోని కొన్ని అక్షరాలను చుక్క గుర్తులతో కప్పడం మొదలుపెట్టారు.

బేరంలో ఇబ్బంది: నంబరు తెలిస్తే కొనేవారు ముందుగానే రిజిస్ట్రేషను తేదీ చూసుకొని ధర తగ్గించమంటారు. మధ్యవర్తులకు మరొక భయం ఉంటుంది. నంబరు బయటపడితే వేరే బ్రోకరు నేరుగా యజమానిని పట్టుకొని తన కమీషనుకు గండి కొడతాడని వారు అనుమానిస్తారు.

సామాజిక కారణాలు: కారు అమ్ముతున్న సంగతి బంధువులకు, అప్పులిచ్చినవారికి తెలియడం కొందరికి ఇష్టం ఉండదు. నంబరు అంకెల మొత్తం 9 రావాలనీ, 8 రాకూడదనీ నమ్మేవారు కూడా ఉన్నారు. అటువంటివారు నంబరు చూడగానే బండిని చూడడానికే రారని అమ్మేవారు భావిస్తారు.

మోసానికి అవకాశం

ప్లేటును దాచడం వలన కొన్ని ముఖ్యమైన విషయాలు కూడా మరుగున పడతాయి.

* టాక్సీ చరిత్ర: రవాణా వాహనాలకు పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, సొంత వాహనాలకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. టాక్సీగా ఎక్కువ దూరం తిరిగిన కారును సొంత వాడకపు కారుగా చెప్పి అమ్మే వీలు కలుగుతుంది.
* ఇతర రాష్ట్రపు బండి: ఢిల్లీ ప్రాంతంలో 10 సంవత్సరాలు దాటిన డీజిలు వాహనాలు, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని అమలు చేయమన్నది. దీని వలన అక్కడి పాత వాహనాలు అనేకం తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలివెళ్ళాయి. అటువంటి బండి కొన్నవారు నిరభ్యంతర పత్రం తెచ్చుకొని, ఇక్కడ మళ్ళీ జీవితకాల పన్ను చెల్లించి, కొత్త నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చు ప్రకటనలోని ధరలో కనిపించదు.
* బకాయిలు: చెల్లించని చలానాలు, ఫైనాన్సు సంస్థకు తీర్చవలసిన అప్పు, గడువు తీరిన బీమా మొదలైనవి.
* దొంగ బండి, లేదా అసలు లేని బండి: వేరేచోట దొరికిన ఫొటోను మసకబరచి పెట్టి, అడ్వాన్సు తీసుకొని మాయమయ్యే మోసాలలో ప్లేటు కనిపించకపోవడం మోసగాడికి అనుకూలం.

సమాచార గోప్యతపై చర్చ

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2019 మార్చిలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వాహన రిజిస్ట్రేషను వివరాలను పెద్ద మొత్తంలో సంస్థలకు రుసుముపై ఇచ్చే విధానాన్ని ప్రకటించింది. విమర్శలు రావడంతో 2020 జూన్‌లో దానిని రద్దు చేసింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నంబరును దాచుకోవాలనుకునే సాధారణ యజమాని భయం పూర్తిగా నిరాధారం కాదని ఈ పరిణామాలు తెలుపుతున్నాయి. గూగుల్ స్ట్రీట్ వ్యూ వంటి సేవలు కూడా వీధి చిత్రాలలో ముఖాలతో పాటు నంబరు ప్లేట్లను మసకబరుస్తాయి.

చట్టపరమైన స్థితి

బహిరంగ ప్రదేశంలో నడిచే వాహనానికి రిజిస్ట్రేషను ఉండాలనీ, ఆ నంబరును వాహనంపై ప్రదర్శించాలనీ చట్టం చెబుతుంది. రోడ్డు మీద ప్లేటును కప్పడం నేరమే. ఈ నియమం ఫొటోకు వర్తించదు.

అయితే 1872 భారత ఒప్పంద చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, తెలిసిన విషయాన్ని ఉద్దేశపూర్వకంగా కప్పిపుచ్చి ఒప్పందానికి ఒప్పించడం మోసం కిందికి వస్తుంది. వ్యాపారుల విషయంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటనను తప్పుదారి పట్టించే ప్రకటనగా పరిగణిస్తుంది. ఫొటోలో ప్లేటు లేకపోవడం ఒక్కటే మోసం కాదు. అడిగిన తరువాత కూడా నంబరు చెప్పకపోవడం, లేదా తప్పుడు నంబరు చెప్పడం అనుమానించదగిన విషయం.

అమ్మకం తరువాతి బాధ్యత మరింత ముఖ్యమైనది. చట్టంలోని 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మకం జరిగితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా అధికారికి తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబర్ల ఫారాలు వాడతారు. యాజమాన్యం మార్చకుండా వదిలేసిన వాహనం ప్రమాదానికి గురైతే, రికార్డులో ఎవరి పేరు ఉన్నదో వారినే యజమానిగా పరిగణించాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో వాహనం ఎన్నో చేతులు మారినా బాధ్యత తొలి యజమానిపైనే నిలిచింది. అంటే ప్రకటనలో నంబరును జాగ్రత్తగా దాచి, అమ్మిన తరువాత పేరు మార్పించని యజమాని చిన్న ప్రమాదాన్ని తప్పించుకొని పెద్ద ప్రమాదాన్ని తెచ్చుకున్నట్లే.

వాడిన వాహనాల వ్యాపారులకు అధికార పత్రం ఉండాలనీ, యజమాని తన వాహనాన్ని వ్యాపారికి అప్పగించిన సంగతిని రవాణా అధికారికి తెలియజేయాలనీ కేంద్రం 2022 డిసెంబరులో నియమాలు చేసింది. ఇవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం వాహనం వ్యాపారి వద్ద ఉన్న కాలంలో బాధ్యత వ్యాపారిదే.

హై సెక్యూరిటీ ప్లేట్లు

2019 ఏప్రిల్ 1 నుండి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం పలక మీద అశోక చక్రపు హోలోగ్రాము, లేజరుతో చెక్కిన ప్రత్యేక సంఖ్య, తీస్తే విరిగిపోయే లాకు దీని లక్షణాలు. కార్లకు ముందు అద్దం మీద మూడవ గుర్తుగా ఒక స్టిక్కరు కూడా ఉంటుంది. లేజరు సంఖ్య వాహనపు రికార్డుతో ముడిపడి ఉంటుంది కనుక నకిలీని తనిఖీలో పట్టుకోవడం తేలిక. దూరం నుండి చూసేవారికి, కెమెరాకు మాత్రం నకిలీ ప్లేటు కూడా అసలు దానివలెనే కనిపించవచ్చు.

కొనేవారు గమనించవలసినవి

* బండిని చూడడానికి వెళ్ళే ముందే పూర్తి నంబరు అడిగి, ప్రభుత్వ రికార్డులో రిజిస్ట్రేషను తేదీ, బీమా గడువు సరిచూసుకోవాలి.
* రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో కలవాలి. ప్లేటును మార్చడం సులువు, వీటిని మార్చడం కష్టం.
* పత్రంలో ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే, అప్పు తీరినట్లు తెలిపే 35వ నంబరు ఫారం అడగాలి.
* ఇతర రాష్ట్రపు బండి అయితే నిరభ్యంతర పత్రం చేతికి రానిదే పూర్తి సొమ్ము ఇవ్వరాదు.
* బండిని, పత్రాలను కళ్ళారా చూడకుండా అడ్వాన్సు పంపరాదు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో నంబరు తెలిస్తే ఆ వాహనపు వార్షిక తనిఖీ వివరాలను, ప్రతి తనిఖీలో నమోదైన మైళ్ళతో సహా, ఎవరైనా ప్రభుత్వ సైటులో ఉచితంగా చూడవచ్చు. యజమాని పేరు మాత్రం తెలియదు. అందువలన అక్కడ నంబరు చూపడం కొనేవారికి ఎంతో ఉపయోగం. అమెరికాలోని అనేక రాష్ట్రాలలో ప్లేటు వాహనంతో పాటు పోదు, అమ్మినవారి వద్దే ఉండిపోతుంది. అక్కడ చరిత్ర తెలుసుకోవడానికి 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యనే వాడతారు. భారతదేశంలో సాధారణంగా నంబరు వాహనాన్ని అంటిపెట్టుకొని, రాష్ట్రం మారితే తప్ప, చివరిదాకా ఉంటుంది. అందుకే ఇక్కడ దానిని చూపడమా, దాచడమా అన్నది అమ్మేవారికీ కొనేవారికీ ఒకే విధంగా ముఖ్యమైన విషయం.