నూలుమిల్లు కార్మికుని పుత్రుడు

ఇంగ్లండు దేశమున స్టాక్‌పోర్టు అను పట్టణము నూలుమిల్లులకు పేరొందినది. అచ్చట 1909వ సంవత్సరమున ఫ్రెడ్ పెర్రీ జన్మించెను. తండ్రి శామ్యూల్ మొదట నూలు వడకు కార్మికుడు. ఆయన పిదప సహకారోద్యమమున పాటుపడి, 1923లో పార్లమెంటు సభ్యుడయ్యెను.

ఫ్రెడ్ తొలుత బల్లపై నాడెడు టెన్నిసును అభ్యసించి, 1929లో బుడాపెస్టు నగరమున ప్రపంచ విజేత యయ్యెను. ఆ చేతివేగముతోనే పచ్చికబయలున దిగి, 1934, 1935, 1936 సంవత్సరములలో వరుసగా వింబుల్డన్ పోటీని గెలిచెను. ఆస్ట్రేలియా, అమెరికా, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల ప్రధానపోటీలు నాలుగింటిని గెలిచిన మొదటివాడు ఆతడే.

అయినను ఆనాటి నియమ మెట్టిదో వినుడు. ఆ పోటీలలో పాల్గొనువారు ఆటవలన ధనము గడింపరాదు. పిత్రార్జితముతో కాలము గడపువారికి ఇది సులభమే. రెక్కల కష్టముపై నాధారపడిన కుటుంబమువానికి మాత్రము దుర్భరము. 1936లో ఫ్రెడ్ ఆటనే జీవనోపాధిగా గైకొనెను. వెంటనే వింబుల్డన్ క్లబ్బువారు ఆతని సభ్యత్వమును తొలగించిరి. ఆ పోటీలో ఆడు అర్హతయు పోయెను.

వృత్తిక్రీడాకారులకు వింబుల్డన్ పోటీ ద్వారములు 1968లో తెరువబడెను. అప్పటికి ఫ్రెడ్ వయస్సు 59 సంవత్సరములు. 1984లో, తొలి గెలుపునకు సరిగా 50 ఏండ్లకు, ఆ క్లబ్బు ఆవరణముననే ఆతని విగ్రహమును నెలకొల్పిరి. దానిని ఆతడు కన్నులార చూచి, 1995లో దివంగతుడయ్యెను.

శ్రమకు ప్రతిఫలము పుచ్చుకొనుట దోషము కాదని యొప్పుకొనుటకు పెద్దలకు 32 ఏండ్లు పట్టినది. అంతలో ఒక క్రీడాకారుని యౌవనము గడచిపోయినది.