బ్లాక్ బాక్స్ (డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్)

బ్లాక్ బాక్స్ అంటే లోపలికి ఏం వెళ్లిందో, బయటికి ఏం వచ్చిందో తెలిసినా మధ్యలో ఏం జరిగిందో కనబడని వ్యవస్థ. చాలామందికి ఈ మాటంటే ముందు విమానంలోని పెట్టె గుర్తుకొస్తుంది. నిజానికి అది నల్లగా ఉండదు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్ 1950లలో రూపుదిద్దిన ఆ రికార్డరుకు, శకలాల్లో తేలిగ్గా దొరకాలని నారింజ రంగు వేస్తారు. ప్రమాదం జరిగితే విప్పి చూడ్డానికే దాన్ని పెడతారు. సాఫ్ట్‌వేర్‌ను అదే పేరుతో పిలిచేది మాత్రం విప్పి చూడలేమని చెప్పడానికి. ఈ అర్థం పాతదే: రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానికులు రాడార్ పరికరాలను తమ వాడుక మాటల్లో అలా పిలిచేవారు. 1956లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాస్ ఆష్‌బీ తన సైబర్నెటిక్స్ (యంత్రాల, జీవుల నియంత్రణ శాస్త్రం) గ్రంథంలో ఈ భావనకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పెట్టె తెరవకపోయినా ఇచ్చినదాన్నీ వచ్చినదాన్నీ పోల్చి దాని నడత పట్టుకోవచ్చన్నాడు.

అయితే సాఫ్ట్‌వేర్ నల్లదనం దాని సంక్లిష్టత వల్లనే వస్తుందనుకోవడం పొరపాటు. తెలంగాణ ప్రభుత్వపు 'సమగ్ర వేదిక' సాఫ్ట్‌వేర్ చేసే పని చెప్పడానికి తేలికే: వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లు, చిరునామాలు పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అంచనా కడుతుంది. కారున్న మరొకరి పేరుతో తమ ఇంటాయన పేరు దగ్గరగా ఉన్నందుకు ఒక పేద కుటుంబం రేషన్ కార్డు పోగొట్టుకున్న ఉదంతాన్ని 2024లో అల్ జజీరా వెలుగులోకి తెచ్చింది. రాసినవాడికి అది మామూలు ప్రోగ్రామే. కార్డు పోయినవాళ్లకు అదే చీకటి గది. గణాంకాలకు వాడే ఆర్ (R) లాంటి సాఫ్ట్‌వేర్‌లో కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కదా అనవచ్చు. కానీ కార్డుదారు అడిగేది కోడ్ కాదు, ఏ రికార్డును తన పేరుకు తగిలించారన్నది. సాఫ్ట్‌వేర్ బదులు గుమాస్తా నిర్ణయించినా అతని బుర్రను మాత్రం విప్పి చూడగలమా అన్న ఆక్షేపణలో కొంత బలముంది. అయినా గుమాస్తా సంతకం చేస్తాడు, ఆ సంతకం మీద అప్పీలుకు వెళ్లవచ్చు. నిబంధనలు బయటపెడితే అనర్హులు లొసుగులు వెతుకుతారన్న వాదన కూడా ఇక్కడ పొసగదు: ఎవరి వివరం వాళ్లకు చూపితే లొసుగేమీ బయటపడదు.

ఈ రద్దులపై వచ్చిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమగ్ర వేదిక అనే ఆ పెట్టెను తెరవమనలేదు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయి తనిఖీ జరపమంది. ఒకరకంగా ఆష్‌బీ పద్ధతే. అల్ జజీరా కథనం ప్రకారం, తనిఖీ కోసం వచ్చినవాటిలో ఆ ఏడాది జూలై నాటికి పరిశీలించిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో దాదాపు 7.5 శాతం అర్హులవేనని తేలింది.