మన మంచినీటి చేపలు: పేర్ల వెనుక చరిత్ర

మౌర్య చక్రవర్తి అశోకుడు తన పాలనలోని 26వ సంవత్సరంలో వేయించిన ఐదవ స్తంభ శాసనంలో చంపరాని ప్రాణుల పట్టిక ఒకటి ఉన్నది. చిలుకలు, గోరువంకలు, హంసల సరసన కొన్ని జలచరాల పేర్లు కూడ అందులో చోటు చేసుకున్నాయి. ‘అనఠికమచ్ఛ’ అంటే ఎముకలు లేని చేప అని అర్థం చెప్పుకోవచ్చు. మరి ‘వేదవేయకం’ ఏది? ‘గంగాపుపుటకం’ ఏది? ఈ ప్రశ్నలకు పండితులు తలకొక ప్రాణిని చూపారే తప్ప ఏకాభిప్రాయానికి రాలేదు. శాసనం వెలువడిన నాడు గంగ ఒడ్డున వల విసిరే జాలరికి ఈ విషయంలో సందేహం ఉండి ఉండదు. రాతిమీద పేరు నిలిచింది. ఆ పేరు ఏ చేపదో చెప్పే ఎరుక మాత్రం కాలగర్భంలో కలిసిపోయింది.

ప్రాచీనులు చేపను కేవలం పేరుతోనే గుర్తించారని అనుకోవడం సరి కాదు. సుశ్రుత సంహిత మీనాలను నదిలోనివి, సముద్రంలోనివి అని విభజించింది. నదిలోని చేప తోకతోను నోటితోను సంచరిస్తుంది కనుక దాని నడుమ భాగం గురుత్వం కలదనీ, చెరువులలోని చేపకు తల తేలిక అనీ ఆ గ్రంథం చెబుతుంది. చెప్పింది వైద్యుడు, ఏ భాగం సులభంగా జీర్ణమవుతుందన్నదే ఆయన విచారణ. అయినా ప్రాణి శరీరానికీ అది మసలే నీటికీ సంబంధం ఉన్నదన్న గ్రహింపు అందులో స్పష్టం. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే ప్రకరణం ఉన్నది. గాలపు వేటను రాజవినోదంగా వర్ణిస్తూనే, సముద్రపు చేపలనీ నదీమీనాలనీ, పొలుసులు గలవనీ లేనివనీ అది వింగడించింది. ఏ చేపకు ఏ ఎర వేయవలెనో కూడ తెలిపింది.

ఆధునిక శాస్త్రరీతిలో మన నదీమీనాలను వర్ణించిన వారిలో ప్రథమగణ్యుడు ఫ్రాన్సిస్ బుకానన్. తరువాతి కాలంలో హామిల్టన్ అన్న పేరు స్వీకరించిన ఈ స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, 1807 నుంచి 1814 వరకు బెంగాలు ప్రాంతాన్ని సర్వే చేశాడు. పంటలు, చేతివృత్తులు, ఆలయాలు నమోదు చేస్తూనే రేవులలోను సంతలలోను కనిపించిన ప్రతి చేపనూ పరిశీలించి, దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1815లో స్వదేశానికి మరలేటప్పుడు ఆ చిత్రాలను వెంట తీసుకుపోవడానికి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు అంగీకరించలేదు. చిత్రాలలో అధిక భాగం కలకత్తాలోనే ఉండిపోయింది. గంగానదిలోను దాని శాఖలలోను దొరికే చేపలను గూర్చిన ఆయన గ్రంథం 1822లో ఎడింబరోలో 39 ఫలకాలతో వెలువడింది. అందులో వర్ణితమైనవి 269 జాతులు.

ఈ గ్రంథపు విశిష్టత పేర్లలో ఉన్నది. యూరపు శాస్త్రజ్ఞులు లాటిను, గ్రీకు మాటలు కూర్చి కొత్త నామాలు కల్పిస్తున్న రోజులలో బుకానన్ జాలరుల నోట విన్న పేర్లనే శాస్త్రనామాలుగా స్థిరపరచాడు. రోహిత, కట్ల, మృగాల, కాల్‌బసు, పాబ్దా, టేంగరా, చితలా, మాగుర్, ఇలీషా అన్నీ ఇట్టివే. మనం శీలావతి అనే చేప ప్రపంచమంతటా ‘లేబియో రోహిత’. మన బొచ్చె ‘కట్ల’. వాలుగ శాస్త్రనామమైన ‘వల్లాగో అట్టు’లో మన తెలుగు మాటే వినవస్తుంది, అయితే ఆ నామం బుకానన్ పెట్టినది కాదు. వరిపొలాలలోను నిలువ నీటి గుంటలలోను తిరుగాడే వేలెడైనా లేని చారల చేపకు ఆయన ‘రెరియో’ అని పేరు పెట్టాడు. దాని ప్రజాతి నామమైన ‘డేనియో’కు మూలం వరిని సూచించే బెంగాలీ మాట ‘ధానీ’. నేడు ప్రపంచవ్యాప్తంగా జన్యుశాస్త్ర ప్రయోగశాలలు పెంచుతున్న జీబ్రా చేప ఇదే. మడిగట్టు చిరునామా పేరులోనే మోసుకొని తిరిగే చేప అది!

బుకానన్ పనిలో ఒక పెద్ద లోటు మిగిలింది. ఆయన వర్ణించిన చేపల నమూనాలు నేడు ఏ సంగ్రహాలయంలోనూ లేవు. వర్ణన ఒకచోట, చిత్రం మరొకచోట ఉండిపోవడంతో ఏ పేరు ఏ చేపదన్న తగవు శతాబ్ది దాటి సాగింది. ఆ చిక్కుముడులు విప్పడానికి పూనుకున్నవాడు సుందర్‌లాల్ హోరా. పంజాబులో 1896లో జన్మించి, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు 1947లో డైరెక్టరైన ఈయన, కలకత్తాలో మిగిలిన చిత్రాలను బుకానన్ వర్ణనలతో సరిపోల్చి 1929లో ఒక దీర్ఘ వ్యాసం ప్రకటించాడు. కొండవాగుల చేపలు వరద వేగానికి కొట్టుకుపోకుండా రాళ్లను కరచుకోవడానికి ఏర్పడిన పొట్టభాగపు అమరికలను ఆయన విపులంగా పరిశోధించాడు. అశోకుని శాసనాన్నీ, సుశ్రుతునీ, మానసోల్లాసాన్నీ మత్స్యశాస్త్ర దృష్టితో తిరిగి చదివిన వాడు కూడ ఆయనే. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఈ మధ్యకాలంలో మద్రాసు సైన్యపు వైద్యుడు ఫ్రాన్సిస్ డే 1875-78 నడుమ వెలువరించిన బృహద్గ్రంథం జాతి జాతికీ తెలుగు, తమిళం వంటి దేశభాషల పేర్లు చేర్చి ఇవ్వడం స్మరింపదగినది.

దేశీయ నామాలకు, శాస్త్రనామాలకు ఉన్న భేదం పులస విషయంలో తేటతెల్లమవుతుంది. సముద్రంలో పట్టినప్పుడు ఇలస, గోదావరి ఎర్రనీటిలో ఎదురీదిన పిమ్మట పులస. శాస్త్రానికి రెండూ ఒకే జాతి. జాలరి మాత్రం చేపతో పాటు అది మసలిన నీటికి కూడ పేరు పెడుతున్నాడు. 1975లో ఫరక్కా ఆనకట్ట పనిచేయడం మొదలైన తరువాత గంగ ఎగువ రేవులకు ఇలీషా రాక సన్నగిల్లింది. ఆ రేవులలో పేరున్నది గాని చేప అరుదైపోయింది.

చేపను గుర్తుపట్టడం చెరువు రైతుకు జీవన సమస్య. నోరు పైకి తిరిగి ఉంటే బొచ్చె, అది నీటి పైపొరలో మేస్తుంది. కింది పెదవికి కుచ్చు అంచు ఉంటే శీలావతి, దానిది నడిమి పొర. ఎర్రమోసు అడుగున మేస్తుంది. మూడింటినీ ఒకే చెరువులో పెంచగలగడానికి కారణం ఇదే. అయితే పూర్వం వానకాలపు వరదలో నది నుంచి వడకట్టి తెచ్చిన పిల్ల కొన్ని మిల్లీమీటర్లే ఉండేది. అందులో వాలుగ వంటి మాంసాహారి పిల్లలు కలిస్తే తక్కినవి దానికి ఆహారమయ్యేవి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారంతో చేపల చేత గుడ్లు పెట్టించడంతో ఈ బెడద తీరే దారి ఏర్పడింది. కొల్లేరు చుట్టుపట్ల విస్తరించిన చేపల చెరువులకు ఆధారం ఆ ప్రయోగమే.

కావేరిలోని మూపురపు మహసీరు కథ ఇందుకు విరుద్ధం. వందేళ్లకు పైగా గాలపు వేటగాళ్లలో ప్రసిద్ధి గన్న ఆ మహామీనానికి నిర్ధారితమైన శాస్త్రనామం లేకపోయింది. మహసీర్లు తగ్గిపోతున్నాయని 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో మహారాష్ట్రలోని లోణావాలాలో పెంచిన నీలిరెక్కల మహసీరు పిల్లలను కావేరిలో వదిలారు. అది కృష్ణా పరీవాహకానికి చెందిన వేరొక జాతి. సదుద్దేశంతో వదిలిన ఆ చేప స్థానిక జాతి చోటు ఆక్రమించింది. ఇది ‘టోర్ రెమాదేవీ’ అని పరిశోధకులు తేల్చినది 2018లో. అదే సంవత్సరం అది అంతర్జాతీయ పట్టికలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా చేరింది. అప్పటికి దాని నివాసం దాదాపుగా నీలగిరుల దిగువన పారే మోయారు నదికే పరిమితమైందని వారు అంచనా వేశారు.