కొత్త పార్టు, పాత లెక్క: బూట్ కాని పీసీల నలభై ఏళ్ల చరిత్ర

కొత్త ర్యామ్ వేస్తాం, కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగిస్తాం, లేదంటే మదర్‌బోర్డే మార్చేస్తాం. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. కొన్నది పనికిరాని సరుకేనని వెంటనే తీర్మానించేస్తాం. చాలాసార్లు ఆ తీర్మానం తప్పు. కొత్త పార్టు బాగానే ఉంటుంది, పాతవీ బాగానే ఉంటాయి. వాటి మధ్య లెక్క కుదరదు, అంతే.

ప్రతి పీసీలోనూ తన లోపల ఏమేమున్నాయో చెప్పే లెక్క ఒకటి ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది. పార్టు మారినా ఆ లెక్క పాతదే మిగిలిపోతే యంత్రం మొదలవకుండా ఆగుతుంది. ఐబీఎం పీసీ వచ్చిన 1981 నుంచి ఈ లెక్క ఉండే చోటు మారుతూ వచ్చింది. చోటు మారిన ప్రతిసారీ రిపేరు చేసే తీరూ మారింది. ఆ వరస తెలిసినవాళ్లకు ఇప్పటి మెషిన్ ఎందుకు ఆగిందో వెతకడం తేలికవుతుంది.

స్విచ్చుల మీద రాసిన లెక్క

1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800కి తనంతట తాను మొదలవడం తెలియదు. ముందు పలక మీదున్న స్విచ్చులను పైకీ కిందకీ వేస్తూ మొదటి ప్రోగ్రామును మనిషే ఒక్కో బైటు చొప్పున ఎక్కించాలి. 1981 ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పీసీ 5150లో ఆ బాధ లేదు. ర్యామ్‌లో కాకుండా రోమ్ చిప్‌లో శాశ్వతంగా ఉండే బయోస్, కరెంటు రాగానే పోస్ట్ అనే స్వీయ పరీక్ష నడిపేది. అంతా బాగుంటే ఒక చిన్న బీప్. బోర్డులో తేడా ఉంటే ఒక పొడుగు, ఒక పొట్టి. డిస్‌ప్లే కార్డుతో ఇబ్బందైతే ఒక పొడుగు, రెండు పొట్టి. స్క్రీన్ పనిచేస్తుంటే అంకెలు కనిపించేవి: 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ.

అయితే తనలో ఏముందో కనుక్కునే తెలివి ఆ యంత్రానికి పెద్దగా లేదు. మనమే చెప్పాలి. అందుకు మదర్‌బోర్డు మీద ఎనిమిదేసి బుల్లి స్విచ్చులున్న దిమ్మెలు రెండుండేవి. మెమరీ ఎంత, ఫ్లాపీ డ్రైవులు ఎన్ని, కలర్ డిస్‌ప్లేనా మోనోక్రోమా అన్నది వాటితోనే చెప్పాలి. మెమరీ కార్డు చేర్చి స్విచ్చు మార్చకపోతే ఆ కార్డు ఉన్నా లేనట్టే. లేని మెమరీ ఉన్నట్టు స్విచ్చు వేస్తే 201 వచ్చి కూర్చునేది. ఇంత చాకిరీలోనూ ఒక మేలుంది: లెక్క కంటికి కనబడేది. మూత తీసి, మాన్యువల్ పక్కన పెట్టుకుని సరిచూసుకుంటే చాలు. ఐబీఎం తన బయోస్ ప్రోగ్రాము మొత్తాన్ని టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చువేసింది కూడా.

సెల్ మీద బతికే లెక్క

1984లో వచ్చిన పీసీ ఏటీతో ఈ లెక్కలో ఎక్కువ భాగం సీమాస్ అనే 64 బైట్ల బుల్లి మెమరీలోకి వెళ్లిపోయింది. కరెంటు పోయినా అది చెరిగిపోకుండా ఒక సెల్ కాపాడేది. మార్పులు చేయాలంటే ఐబీఎం ఇచ్చిన ఫ్లాపీ నుంచి సెటప్ ప్రోగ్రాము నడపాలి. సెల్ అయిపోతే 161, నమోదైన లెక్క చెదిరితే 162, మెమరీ సైజు తేడా వస్తే 164. కొత్త మెమరీ వేసినవాళ్లకు 164 కనబడటం అంటే యంత్రం చెడిందని కాదు. నువ్వు వేసింది చూశాను, నా దగ్గర రాసున్నది వేరు అని యంత్రమే చెబుతోందని అర్థం.

సీమాస్‌ను చెరిపేయడం అనే చిట్కాకు మూలం ఇదే. నేటికీ బూట్ కాని సిస్టమ్ తెచ్చిస్తే, షాపులో మొదట చేసే పనుల్లో సెల్ తీసి కాసేపాగి పెట్టడం ఒకటి. పాత లెక్క చెరిగిపోయి యంత్రం మళ్లీ మొదటి నుంచి లెక్క రాసుకుంటుంది. కాకపోతే దాంతో పాటు మనం మార్చుకున్న సెట్టింగులు కూడా పోతాయి. దాని ఫలితం ఒక్కోసారి ఇంకోచోట కనిపిస్తుంది.

బీపులు, రెండంకెల కార్డు

కాంపాక్ కంపెనీ ఐబీఎం బయోస్‌ను కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్‌ను సొంతంగా రాయించి, 1982 నవంబర్‌లో తన పోర్టబుల్‌ను ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ అలాంటి బయోస్‌ను ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టింది. భారత్ నుంచి వెళ్లిన సుబ్రమోనియన్ శంకర్ సహ వ్యవస్థాపకుడిగా 1985లో అమెరికన్ మెగాట్రెండ్స్ పుట్టింది. అవార్డ్ అనే ఇంకో బయోస్ కంపెనీ కూడా బరిలో ఉంది. క్లోన్ పీసీలు ప్రపంచమంతా పాకాయి, మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లకు దారి పడింది.

దీనివల్ల రిపేరు చేసేవాళ్లకు కొత్త తలనొప్పి వచ్చింది. ఒక్కో బయోస్ ఒక్కో భాష మాట్లాడేది. డిస్‌ప్లే మెమరీ దొరక్కపోతే అమెరికన్ మెగాట్రెండ్స్ ఎనిమిదిసార్లు మోగుతుంది, అవార్డ్ అదే సంగతిని ఒక పొడుగు, రెండు పొట్టి మోతల్లో చెబుతుంది. బయోస్ ఎవరిదో తెలియకుండా బీపులు లెక్కపెట్టి లాభం లేదు. హార్డ్‌వేర్ కోర్సులకు వెళ్లినవాళ్లు బీప్ కోడ్ల పట్టికలు బట్టీ పట్టింది ఇందుకే.

స్పీకర్ కూడా పలకనప్పుడు పనికొచ్చిన పరికరం పోస్ట్ కార్డు. ఏటీ కాలం నుంచి బయోస్ ఒక్కో పరీక్ష మొదలుపెట్టే ముందు దాని నంబరును 80వ నంబరు పోర్టుకు పంపుతుంది. ఖాళీ స్లాటులో ఈ కార్డు గుచ్చితే ఆ నంబర్లు రెండు ఎర్ర అంకెలుగా కనబడతాయి. పవర్ ఇవ్వగానే అంకెలు గబగబా మారుతూ పోయి ఒకచోట నిలబడతాయి. అవార్డ్ బోర్డులో సీ1 దగ్గర నిలబడిందంటే మెమరీని వెతుకుతూ ఆగిపోయిందన్నమాట. అసలు కదలకుండా ఎఫ్ఎఫ్ దగ్గరే ఉంటే ప్రాసెసర్ మొదటి ఆదేశం కూడా అందుకోలేదని అనుమానించాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల రిపేరు బల్లల మీద స్క్రూ డ్రైవరు పక్కన ఈ కార్డుకూ చోటుండేది. ర్యామ్ బయటకు తీసి, బంగారు పూత పళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, టక్కుమని రెండు వైపులా క్లిప్పులు పడేదాకా నొక్కి, మళ్లీ అంకెలు చూడటం అక్కడి నిత్యకృత్యం.

మెమరీ నియమాలు కూడా అప్పట్లో కఠినంగా ఉండేవి. 486 బోర్డుల్లో 30 పిన్నుల ర్యామ్‌లు నాలుగేసి, పెంటియం బోర్డుల్లో 72 పిన్నులవి జతలుగా వేయాలి. ఒక్కటే వేసి డిస్‌ప్లే రాలేదనుకుంటే తప్పు ర్యామ్‌ది కాదు.

వైర్ల దగ్గర జరిగే పొరపాట్లు

పాత ఏటీ ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు పక్కపక్కనే వచ్చేవి. రెండింటి నల్ల వైర్లూ మధ్యలో కలిసేలా పెట్టాలి. తారుమారైతే బోర్డు కాలిపోయే ప్రమాదం. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం దానికి బదులు ఒకే 20 పిన్నుల కనెక్టరు పెట్టి, తిరగేసి గుచ్చడం కుదరకుండా చేసింది. తరవాత అది 24 పిన్నులైంది.

పెంటియం 4 కాలంలో ప్రాసెసర్ కోసమే విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టరు వచ్చింది. ఇప్పుడది ఎక్కువగా ఎనిమిది పిన్నులది. మదర్‌బోర్డు మార్చినవాళ్లు మరిచిపోయేది దీన్నే. ఇది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి. ప్రాసెసర్‌కు మాత్రం కరెంటు అందదు. బోర్డు డెడ్ అని తేల్చేముందు ప్రాసెసర్ పక్కన ఆ కనెక్టరు ఖాళీగా ఉందేమో చూడాలి.

డిస్కు పెరిగితే ఆగిన యంత్రాలు

పాత బయోస్ హార్డ్ డిస్కును 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టర్ల వరకే లెక్కపెట్టగలిగేది. గుణిస్తే 528 మెగాబైట్లు. ఆ గోడ దాటగానే ఇంకోటి ఎదురైంది. 1999 ప్రాంతంలో 33.8 గిగాబైట్లకు మించిన డిస్కు పెడితే అవార్డ్ బయోస్ ఉన్న ఎన్నో బోర్డులు డిస్కును గుర్తించే దగ్గరే బిగుసుకుపోయాయి. డిస్కు తయారీదారులు అందుకోసమే ఒక జంపరు ఇచ్చారు. అది పెడితే డిస్కు తన సైజు 32 గిగాబైట్లేనని చెప్పుకునేది. యంత్రం బతికేది.

అసలు మందు బయోస్‌ను మార్చడమే. 1990లలో ఫ్లాష్ చిప్‌లు రావడంతో అది ఇంట్లో కూర్చుని చేయగలిగే పనైంది. మార్చగలిగినదాన్ని చెరపడం కూడా కుదురుతుందని 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ చూపించింది. దాని దెబ్బకు బయోస్ చెరిగిన బోర్డులు అసలు మొదలవనే లేదు. గిగాబైట్ లాంటి కంపెనీలు రెండో బయోస్ చిప్ పెట్టడంలో ఉన్న విలువ అక్కడ తెలుస్తుంది.

విండోస్ లోపల, తరవాత చిప్ లోపల

2000 తరవాత లెక్కలో ఒక భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి చేరింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న డిస్కును వేరే చిప్‌సెట్ బోర్డుకు తగిలిస్తే లోగో వచ్చి, ఆ వెంటనే నీలి తెర మీద 7బి ఎర్రర్ పడేది. బూట్ డిస్కు అందడం లేదని దాని అర్థం. డిస్కు పాడవలేదు, కొత్త కంట్రోలర్ డ్రైవరును మొదట్లోనే ఎత్తుకోవాలన్న సంగతి విండోస్‌లో నమోదై లేదు. బయోస్‌లో డిస్కు మోడ్ ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారినా ఇదే జరిగేది. సెల్ మార్చాక విండోస్ రాలేదని వచ్చిన కొన్ని సిస్టమ్‌ల రహస్యం ఇక్కడుంది: సెల్ తీయగానే ఆ మోడ్ ఫ్యాక్టరీ సెట్టింగుకు మారిపోయింది.

ఇంటెల్ ఇటానియం ప్రాసెసర్ల కోసం మొదలైన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరం ఏర్పడ్డాక బయోస్ స్థానాన్ని క్రమంగా తీసుకుంది. సంతకం ఉన్న ప్రోగ్రాములనే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్‌ను 2012లో విండోస్ 8 జనం మధ్యకు తెచ్చింది. పాత ఎంబీఆర్ విభజన పద్ధతిలో ఉన్న డిస్కును పూర్తి యూఈఎఫ్ఐ బోర్డుకు పెడితే బూట్ డివైస్ లేదంటుంది. డిస్కులో ఫైళ్లన్నీ భద్రంగానే ఉంటాయి. అలాంటి డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చడం కోసమే మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10తో ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టు ఇచ్చింది.

ప్రాసెసర్ మార్చినప్పుడు వచ్చే చిక్కు 2018లో బాగా బయటపడింది. ఏఎండీ కొత్త రైజెన్ చిప్‌లు సాకెట్లో చక్కగా కూర్చున్నాయి. అంగట్లో ఉన్న బోర్డుల్లోని బయోస్ వాటికంటే పాతది, వాటిని గుర్తుపట్టలేదు. బయోస్ అప్‌డేట్ చేయాలంటే సిస్టమ్ ఆన్ కావాలి, ఆన్ కావాలంటే అప్‌డేట్ కావాలి. ఏఎండీ చివరికి కొనుగోలుదారులకు పాత ప్రాసెసర్ ఒకటి అరువిచ్చి ఆ ముడి విప్పింది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవు నుంచి బయోస్ ఎక్కించే బటన్‌కు బోర్డుల మీద గిరాకీ ఉన్నది ఇందుకే.

ఇక ఆఖరి మజిలీ టీపీఎం అనే భద్రతా చిప్. 2021లో వచ్చిన విండోస్ 11 దాన్ని తప్పనిసరి చేసింది. బిట్‌లాకర్ అనే విండోస్ డిస్కు తాళం ఇప్పుడు ఆ చిప్‌తో ముడిపడి ఉంటుంది. ఎన్నో మెషిన్లలో టీపీఎం ప్రాసెసర్ లోపలే ఉంది కాబట్టి బోర్డు మార్చినా, ప్రాసెసర్ మార్చినా బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. స్విచ్చు తప్పుగా ఉంటే సరిచేసుకునే రోజులు పోయాయి. ఆ కీ లేకపోతే డేటా శాశ్వతంగా పోవచ్చు. నలభై ఏళ్లలో పెరిగిన అసలు ప్రమాదం ఇదే.

ఇప్పటి యంత్రం, ఇప్పటి ఓపిక

పోస్ట్ కార్డు చేసిన పనిని ఇప్పుడు చాలా బోర్డుల మీద నాలుగు లైట్లు చేస్తున్నాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఏది వెలిగి ఆగితే పరీక్ష అక్కడ ఆగిందని. ఐబీఎం ఇచ్చిన పరీక్షల వరసకు దగ్గరి వరసే ఇది. ఓపిక మాత్రం అప్పటికంటే ఎక్కువ కావాలి. డీడీఆర్5 మెమరీ వేసి మొదటిసారి ఆన్ చేస్తే, బోర్డు ఆ ర్యామ్‌తో సంకేతాల సమయాలు సరిచూసుకుంటుంది. 2022లో ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డులు వచ్చినప్పుడు దీనికి నిమిషాలు పట్టింది. అస్‌రాక్ తన బోర్డుల ర్యామ్ స్లాట్ల మీద, ఎంత మెమరీకి ఎంతసేపు ఆగాలో రాసిన స్టిక్కరే అంటించింది. తెర నల్లగా ఉందని మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి పార్టు మార్చే ముందు మూడు పనులు చేయండి. బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బయోస్ సెట్టింగుల పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. మార్చాక డిస్‌ప్లే రాకపోతే పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే కరెంటు తీసేసి 24 పిన్నులదీ, ప్రాసెసర్ దగ్గరిదీ రెండు కనెక్టర్లూ చూడండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు ఉందా, బోర్డుకు ఉందా చూడండి, ఎందుకంటే గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్లకు బోర్డు మీది పోర్టు పనిచేయదు. తరవాత ఒక్క ర్యామ్ మాత్రం మాన్యువల్ చెప్పిన స్లాటులో ఉంచి, సీమాస్ చెరిపి ప్రయత్నించండి. అలా ఆన్ అయితే మిగతావి ఒక్కొక్కటిగా చేర్చండి. ఇవన్నీ అయ్యాక కూడా యంత్రం పలకకపోతే అప్పుడు కొత్త పార్టును అనుమానించండి, అంతకుముందు కాదు.